ఆదివారంలోగా ఖాళీ చేయమన్నారు, పసుపేమో ఫిబ్రవరికి గానీ రాదు

నిమజ్జనం అయిన నాలుగో రోజు, బుధవారం రాత్రి తొమ్మిది దాటాక మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది. "బిట్టు నెం. 11 అలాట్‌మెంట్ రద్దు చేయడమైనది. ఆదివారం సాయంత్రంలోగా ఖాళీ చేయగలరు. ఇట్లు, కమిటీ." అంతే. పేరు లేదు, కారణం లేదు. 11 నాది. నేనప్పుడు పాలకు తోడు వేస్తున్నాను, గిన్నె అక్కడే వదిలేసి ఆ రెండు వాక్యాలు నాలుగైదు సార్లు చదివాను. గ్రూపులో రెండొందల మందికి పైగా ఉన్నారు. అందరూ చదివేశారు, ఒక్కరూ ఏమీ అనలేదు. నాకు విడిగా ఫోన్ చేసి ఒక మాట చెప్పాలని ఎవరికీ అనిపించలేదు. ఆ రాత్రి నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

బిట్టు అంటే ఏంటో ముందు చెప్పాలి. మాది నేరేడ్‌మెట్ దాటాక వచ్చే ఒక పాత కాలనీ. కాలనీ చివర లేఅవుట్‌లో ఖాళీగా విడిచిన జాగా ఒకటి ఏళ్ల తరబడి పిచ్చి తుమ్మ, వయ్యారిభామ మొలిచి, ఇళ్లు కట్టినవాళ్లు పారబోసిన శిథిలాలతో నిండి ఉండేది. 2021లో, కరోనా భయం ఇంకా పూర్తిగా పోనప్పుడు, అసోసియేషన్ వాళ్లే చొరవ తీసుకుని ఆ మూల శుభ్రం చేయించి, పది అడుగులకు ఇరవై అడుగుల చొప్పున 18 ముక్కలు చేసి కూరగాయలు పండించుకోమని ఇచ్చారు. ఏడాదికి 1,200 రూపాయలు, బోరు నీళ్లు అందులోనే. అడిగినవాళ్లకు చీటీ తీసి ఇచ్చారు. నాకు పదకొండో నంబరు వచ్చింది. అది మంచి పని, ఇప్పటికీ అదే మాట అంటాను. ఆ కమిటీ అప్పుడు ఆ పని చేయకపోతే నాకు ఈ నాలుగేళ్లు ఉండేవి కావు.

మొదటి ఏడాది గడ్డపార దిగలేదు. దిగినచోటల్లా టైల్స్ ముక్కలు, ఇటుక పెళ్లలు, తుప్పు పట్టిన చువ్వలు. పద్నాలుగు గోనెసంచుల చెత్త తీశాం నేనూ మా ఆయనా. ఒక ట్రాక్టర్ ఎర్రమట్టి తోలించాం, దాంతో అరడుగు మందం వచ్చింది. పశువుల కొట్టం నుంచి ఆటో ట్రాలీలో పెంట ఎరువు తెచ్చాం. వేప పిండి, ఎండుటాకులు, ఇంట్లో కూరగాయల తొక్కలు, వీధిలో రాలిన కానుగాకు, అన్నీ అందులోకే. ఆ ఏడాది గోంగూర తప్ప ఏదీ సరిగ్గా రాలేదు, అది కూడా మోకాలెత్తు దాటలేదు. రెండో ఏడు తోటకూర, పాలకూర. మూడో ఏడు వానలకు తవ్వితే మట్టిలో వానపాములు కనిపించాయి, నేను పరుగెత్తుకెళ్లి పక్క బిట్టు అంకుల్‌ని పిలిచి చూపించాను. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు, మానుకోట దగ్గర పల్లెటూరు. "ఇగ నీ భూమి బతికిందమ్మా" అన్నారు. ఆ జాగా నా పేరు మీద లేదని నాకు తెలుసు. కానీ మట్టిని మట్టిగా చేసింది మాత్రం మేమే, అది ఏ రసీదులోనూ ఉండదు.

పోయినేడు జూన్‌లో, మృగశిర కార్తెలో, ఆర్మూర్ నుంచి అమ్మ ఇచ్చిన విత్తన పసుపు రెండు కిలోలు పెట్టాను. మా అమ్మవాళ్లది పసుపు పండే నేల. పసుపంటే ఇలా పెట్టి అలా తీసేది కాదు, ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఉండాలి, ఆకు పసుపెక్కి ఎండి పడిపోయాకే తవ్వాలి. గట్టు వెంట నాటు చిక్కుడు. చిక్కుడు కూడా మొండిది, ఎంత ముందు పెట్టినా తీగ ఎగబాకుతుందే గానీ, పగలు తగ్గి రాత్రి పెరిగితే తప్ప పూత పెట్టదు. దసరా దాటాక పూత, సంక్రాంతికి కాయ. నాలుగు రాతి కడీలు పాతి పందిరి వేశాను. మూలన మూడేళ్ల కల్యమాకు చెట్టు. ముందు వరసలో బతుకమ్మ కోసం బంతి. ఆ మెసేజ్ వచ్చిన రోజుకి ఎంగిలిపూల బతుకమ్మ ఇంకా పదకొండు రోజులు ఉంది, బంతి మొగ్గ మీదుంది. ఇది నా బిట్టు పరిస్థితి. ఆదివారంలోగా ఖాళీ చేయమంటే ఇందులో దేన్ని ఖాళీ చేయాలి?

నా తప్పు కూడా చెప్పాలి. ఆగస్టులో అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, నేను మూడు వారాలు ఆర్మూర్‌లో ఉండిపోయాను. నీళ్లు పెట్టమని అంకుల్‌కి చెప్పి వెళ్లాను, ఆయన పెట్టారు. అయితే అవి వానాకాలం రోజులు, తుంగ, గరిక, వయ్యారిభామ మనిషి లేడని తెలిసినట్టే లేచాయి. బీర తీగ నడిచే దారిలోకి రెండడుగులు పాకింది. ఎవరికో కాలికి తగిలిందట. ఆగస్టు 29న తిరిగొచ్చాను, రెండు రోజులు నడుం విరిగేలా కలుపు తీసి, తీగ వెనక్కి మళ్లించాను. ఫొటోలు కూడా తీశాను, ఎందుకో కాదు, అమ్మకు పసుపు ఎలా ఉందో చూపించడానికి. తర్వాత ఆ ఫొటోలే నన్ను ఆదుకున్నాయి. ఫోన్‌లో వాటికి తేదీ ఉంటుంది కదా.

ఆ రాత్రి గ్రూపులో జవాబు టైపు చేశాను. చాలా పెద్దది. ఎవరెవరి బిట్లలో ఎంత కలుపుందో కూడా రాశాను. మా అబ్బాయి "పెట్టెయ్ అమ్మా, అందరికీ తెలియాలి" అన్నాడు. మా ఆయన ఫోన్ తీసుకుని "పొద్దున చూద్దాం" అన్నారు. పొద్దున లేచి చదివితే సగం మాటలు నాకే నచ్చలేదు. ముఖ్యంగా పక్కవాళ్ల బిట్ల గురించి రాసినవి. వాళ్లు నాకేం అన్యాయం చేశారు? తీసేశాను. ఇప్పుడు వెనక్కి చూస్తే ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన సరైన పని అదే అనిపిస్తుంది, అది నేను కాదు మా ఆయన చేశారు.

గురువారం పొద్దున సెక్రటరీ గారింటికి వెళ్లాను. లోపలికి పిలిచారు, టీ ఇచ్చారు, మర్యాదలో లోపం లేదు. "కమిటీ నిర్ణయం అమ్మా, నా ఒక్కడి చేతిలో ఏముంది?" అన్నారు.

"కారణం ఏంటి సార్?"

"కంప్లయింట్లు ఉన్నాయి."

"ఎవరివి? ఏమని?"

"అవన్నీ చెప్పలేం కదమ్మా, మళ్లీ కాలనీలో గొడవలు."

"సరే, రద్దు చేశామని, ఫలానా కారణమని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి సార్."

"మనం మనం ఒక కాలనీవాళ్లం. కాగితాలెందుకు?"

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది. డబ్బు తీసుకునేటప్పుడు నాలుగేళ్లూ రసీదు రాసిచ్చారు. బిట్టు తీసుకునేటప్పుడు మాత్రం మనం మనం అయిపోయాం. మన కాలనీల్లో, అపార్టుమెంట్లలో, కులసంఘాల్లో, గుడి కమిటీల్లో ఎక్కడ చూసినా ఇదే జరుగుతుంది. కాగితం అడిగితే నమ్మకం లేనట్టు, గొడవకు దిగినట్టు చూస్తారు. కాగితం అడగడం అవమానించడం కాదు. ఎందుకు తీసేస్తున్నారో రాయాల్సి వస్తే, రాసేవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు, అంతే. వాట్సాప్‌లో రెండు వాక్యాలు కొట్టడానికి ఆ ఆలోచన అక్కర్లేదు.

ఇంటికొచ్చి బీరువా అంతా తిరగేశాను. ఎల్‌ఐసీ బాండ్లున్న ప్లాస్టిక్ కవర్లో నాలుగు రసీదులూ దొరికాయి, వాటి వెనక 2021లో ఇచ్చిన నియమాల కాగితం కూడా దొరికింది. తొమ్మిది నియమాలు, కింద అప్పటి ప్రెసిడెంట్ సంతకం, అసోసియేషన్ స్టాంపు. ఏడోది ఇది: బిట్టు రెండు నెలలు సాగు చేయకుండా వదిలేస్తే రాతపూర్వకంగా తెలియజేసి, 15 రోజుల గడువు ఇచ్చి, అప్పటికీ బాగుచేయకపోతే సభ్యుడి వివరణ విని కమిటీ నిర్ణయం తీసుకుంటుంది. నేను వదిలింది మూడు వారాలు. రాతపూర్వకంగా ఏమీ రాలేదు. గడువు లేదు. వివరణ ఎవరూ అడగలేదు. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఏడ్చేశాను, ఎందుకంటే అప్పటిదాకా నాకే అనుమానం, నిజంగా నేనేదో పెద్ద తప్పు చేశానేమో, అందరికీ తెలిసింది నాకే తెలియలేదేమో అని.

మా చెల్లెలి తోడికోడలు కూకట్‌పల్లి కోర్టులో ప్రాక్టీసు చేస్తుంది. ఫోన్ చేస్తే ముందు నా ఆశ తగ్గించింది. "అక్కా, నువ్వు కౌలుదారువి కాదు, కిరాయిదారువి కాదు. నీకున్నది లైసెన్సు. అంటే ఆ జాగాలో ఫలానా పని చేసుకోవడానికి అనుమతి, జాగా మీద హక్కు కాదు" అంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో 52వ సెక్షన్ లైసెన్సంటే ఏంటో చెబుతుంది. ఇచ్చినవాళ్లు మామూలుగా వెనక్కి తీసుకోవచ్చు. కానీ అదే చట్టంలో 63వ సెక్షన్ ప్రకారం, వెనక్కి తీసుకున్నా ఆ మనిషి వెళ్లిపోవడానికి, అక్కడ పెట్టుకున్న తన వస్తువులు తీసుకోవడానికి సమంజసమైన సమయం ఇవ్వాలి. 64వ సెక్షన్ ఇంకో మాట అంటుంది: డబ్బు తీసుకుని ఇచ్చిన అనుమతి అయితే, ఆ మనిషి తప్పేమీ లేకుండానే మధ్యలో వెళ్లగొడితే నష్టపరిహారం అడగొచ్చు. ఈ రెండూ విన్నాక నాకు ఊపిరి ఆడింది. జాగా నాది కాదన్నది ఒప్పుకుంటూనే నాలుగు రోజుల్లో పొమ్మనడం తప్పు అని చెప్పొచ్చు, రెండిటికీ తగువు లేదు.

ఆమె ఇంకో సంగతి చెప్పింది. ఒక లాడ్జి, అంటే హోటల్ కాదు, ఫ్రీమేసన్ల సంఘం, తన సభ్యుణ్ని తీసేసిన కేసులో, టి.పి. డేవర్ కేసంటారట, 1963 నాటి తీర్పుల పుస్తకాల్లో ఉంది, ఇలాంటి సంఘాలు సభ్యుణ్ని తొలగించేటప్పుడు తమ నియమాలనే తాము పాటించాలని, ఆరోపణ చెప్పి జవాబిచ్చుకునే అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. మాది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరైన అసోసియేషన్. ఆ చట్టంలో 23వ సెక్షన్ కింద, సంఘం వ్యవహారాల్లో తగాదా వస్తే సభ్యులెవరైనా 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం మధ్యవర్తి దగ్గరికి వెళ్లొచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. "కానీ అక్కా, 22 గజాల కోసం జిల్లా కోర్టుకి వెళ్తావా? ముందు ఉత్తరం రాయి" అంది. ఇంకొకటి, ఇది నాకు అస్సలు తెలియదు: 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. 15100కి ఫోన్ చేస్తే చాలు. ఇది చదువుతున్న ఆడవాళ్లు ఆ నంబరు ఎక్కడైనా రాసి పెట్టుకోండి, బిట్టు కోసం కాకపోయినా పనికొస్తుంది.

గురువారం రాత్రి ఉత్తరం రాశాను. ఒకటిన్నర పేజీ, తెలుగులోనే. ఎప్పుడు ఇచ్చారు, ఎన్నిసార్లు డబ్బు కట్టాను, ఏడో నియమం ఏమంటుంది, అందులో ఏది జరగలేదు, ఆగస్టులో నేనెందుకు లేను, 31న బిట్టు ఎలా ఉంది, ఇప్పుడు నేలలో ఏమేం ఉన్నాయి, ఒక్కోటి ఎప్పటికి వస్తుంది. చివర మూడు అడిగాను. కారణం రాసివ్వండి. నా మాట విన్నాక నిర్ణయించండి. ఏ నిర్ణయమైనా పంట తీసుకునేదాకా ఆగండి. ఎవరి మీదా ఆరోపణ లేదు. మొదట రాసినదాంట్లో "కక్ష" అనే మాట ఉంది, దాన్ని కొట్టేశాను, ఎందుకంటే అది నేను రుజువు చేయలేను. శుక్రవారం సెక్రటరీ గారికి రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు సంతకం అడిగితే, పెట్టనన్నారు. సరేనని అదే రోజు స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకున్నాను. మా ఇంటికీ ఆయనింటికీ మధ్య మూడు వీధులు. ఉత్తరం పోస్టాఫీసు చుట్టూ తిరిగి వెళ్లింది, అయినా వెళ్లింది.

ఇక్కడ నేను నిజంగా నలిగిపోయిన సంగతి చెప్పాలి. ఆ జాగా అసలు అసోసియేషన్‌ది కాదు. లేఅవుట్‌లో పార్కుకని విడిచిన స్థలం కార్పొరేషన్‌కి చెందుతుంది. అసోసియేషన్ చూసుకుంటోంది అంతే, 18 ముక్కలు చేసి డబ్బు తీసుకునే అధికారం దానికి ఉందా అని ఎవరైనా అడిగితే ఏం చెబుతారో తెలియదు. మా ఆఫీసులో ఒకతను ఇదంతా విని "మేడమ్, పది రూపాయలతో ఆర్టీఐ పెట్టండి, నెల రోజుల్లో జవాబొస్తుంది. లేదంటే సోమవారం హైడ్రా ప్రజావాణికి పోయి పార్కు జాగా అని రాసివ్వండి, అందరూ దారికొస్తారు" అన్నాడు. 2024లో చెరువులు, పార్కుల కబ్జాలు తీసేయడానికి ప్రభుత్వం పెట్టిన హైడ్రా వచ్చినప్పటి నుంచి సిటీలో పార్కు స్థలం అన్న మాటకే భయం ఉంది కదా. అతను చెప్పింది తప్పు కాదు. ఒక రాత్రంతా అదే ఆలోచన, దరఖాస్తులో ఏం రాయాలో కూడా మనసులో రాసుకున్నాను.

కానీ అలా చేస్తే పోయేది 11 నంబరు ఒక్కటే కాదు. అంకుల్ వంగ తోట పోతుంది. ఆరో నంబరులో ఇద్దరు పిల్లల్ని వేసుకుని రోజూ సాయంత్రం మెంతికూరకు నీళ్లు పెట్టే అమ్మాయిది పోతుంది. భర్త పోయాక ఇంట్లోంచి బయటికి రాని ఒకావిడ ఇప్పుడు రోజూ పొద్దున పదిహేనో నంబరులో కూర్చుని కలుపు తీస్తుంది, అదీ పోతుంది. నన్ను తీసేసింది అయిదుగురు, నేను ఊడగొట్టేది పదిహేడు మందిని. పెట్టలేదు. ఎవరైనా నాది పిరికితనం అంటే అననివ్వండి. కొంతమందికి అదే సరైన దారి కావచ్చు, జాగాని ఎవరైనా నిజంగా కబ్జా పెడుతుంటే నేనే వెళ్తాను. ఇది అది కాదు.

మా పెద్దనాన్న కూతురు ఇంగ్లండులో ఉంటుంది, దానికి అక్కడ అలాట్‌మెంట్ ఉంది, అంటే మా బిట్టు లాంటి సాగు ముక్క. శుక్రవారం రాత్రి వీడియో కాల్‌లో ఇదంతా చెబితే ఆశ్చర్యపోయింది. అక్కడ 1908 నుంచి దీనికి ఒక చట్టమే ఉంది, కౌన్సిళ్లు, అంటే అక్కడి స్థానిక సంస్థలు, జనానికి సాగుకు ముక్కలివ్వాలని. పాత లెక్కలో ఒక ముక్క పది రాడ్లు, అంటే మన దగ్గర ఇల్లు కట్టుకునే 300 గజాల ప్లాటంత. మామూలుగా ఖాళీ చేయించాలంటే పన్నెండు నెలల నోటీసివ్వాలి, 1950 చట్టంతో అలా మార్చారు. కిరాయి 40 రోజులు గానీ అంతకు మించి గానీ బాకీ పడినా, నియమాలు తప్పినా నెల రోజుల నోటీసుతో తీసేయొచ్చు, అదీ రాతలోనే. నాకు బాగా నచ్చింది ఇంకోటి. ఆ పన్నెండు నెలల నోటీసు గడువు ఏప్రిల్ 6 లోపు గానీ, సెప్టెంబర్ 29న లేదా ఆ తర్వాత గానీ ముగియాలట. మధ్యలో ముగియకూడదు, ఎందుకంటే అది వాళ్లకు పంట కాలం. చట్టం రాసినవాళ్లు నేల వైపు చూసి రాశారు అది. అక్కడ కూడా అన్యాయంగా తీసేస్తుంటారట, దాని స్నేహితురాలికే జరిగిందని చెప్పింది. అయినా అడగడానికి వాళ్లకొక తేదీ ఉంది. మనకు పంట నేల మీద ఉండగా మనిషిని లేపకూడదన్న ఇంగితం మన పల్లెల్లో లేకపోలేదు. కౌలుకిచ్చిన రైతు ఎంత కోపమొచ్చినా "ఈ పంట తీసుకో, మళ్లా ఏడు చూద్దాం" అంటాడు, మా తాత అనడం నేను విన్నాను. పల్లెల నుంచి వచ్చి సిటీలో ఇళ్లు కట్టుకున్న మా కమిటీ పెద్దలకు అది తెలియని సంగతి కాదు.

శనివారం మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడైంది. ఎదురుగా ముప్పై ఏళ్లమ్మాయి, మూడు నెలల కింద కాలనీలో కిరాయికి దిగినవాళ్లు. "అక్కా, నాకు 11 నంబరు ఖాళీగా ఉందని ఇచ్చారు. పొద్దున చూద్దామని పోతే నిండా చెట్లున్నాయి. ఎవరివని అడిగితే మీ పేరు చెప్పారు. నాకు తెల్వదక్కా" అంది. కళ్లలో నీళ్లు పెట్టుకుంది. ఆమెని చూశాక అప్పటిదాకా నాలో ఉన్న కోపం ఎటు పోయిందో తెలియదు. కూర్చోబెట్టి మాట్లాడాను. సూర్యాపేట వైపు వాళ్లది, పత్తి, మిర్చి చూసి పెరిగిన పిల్ల, ఇక్కడ రెండు గదుల ఇంట్లో కుండీ పెట్టడానికి కూడా ఎండ రాదట. ఆమెకూ ఆ మట్టి కావాలి. సాయంత్రం ఇద్దరం కలిసి బిట్టు దగ్గరికి వెళ్లాం. పసుపు ఆకు తుంచి వాసన చూసి "దీన్నెట్ల తీస్తరక్కా ఇప్పుడు, దుంప కూడా ఊరలే" అంది. కమిటీలో అయిదుగురు పెద్దవాళ్లకు పట్టని మాట అది.

ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో కూర్చున్నాం. నా ఉత్తరం శనివారమే అందింది, అందుకే పిలిచారు. మిగతా పదిహేడు బిట్లవాళ్లలో ఆరుగురు వచ్చారు, అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు కూర్చున్నారు. నేను ఏడో నియమం చదివాను, ఫొటోలు చూపించాను. ఒకాయన "మూడు వారాలు పడావు పెట్టినవు కదమ్మా" అన్నారు. పెట్టాను, తిరిగొచ్చి రెండు రోజుల్లో బాగుచేశాను, మీ నియమంలో రెండు నెలలని ఉంది అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇంకొకాయన, పాపం నోరు జారారో ఏమో, "అయినా జులై జనరల్ బాడీలో మోటార్ కరెంటు లెక్కలు అడిగి అంత రచ్చ చేయడం ఎందుకు" అన్నారు. నేను అడిగింది ఒకే ప్రశ్న: బోరు మోటార్ బిల్లులో మా వాటా ఎంత, సబ్‌మీటర్ రీడింగ్ ఎవరు రాస్తున్నారు అని. దాన్ని రచ్చ అనుకున్నారని నాకు ఆ రోజే తెలిసింది. అంకుల్ లేచి, గొంతు పెంచకుండా, "లెక్క అడిగితే బిట్టు పోతదంటే మేమెవ్వరం ఇక నోరు తెరవం సార్, అదే కావాల్నా మీకు?" అన్నారు. హాలంతా నిశ్శబ్దం. నాకు గొంతు పూడుకుపోయింది.

అప్పుడు ఆ అమ్మాయి మాట్లాడింది. "నాకిప్పుడేం తొందర లేదు సార్. అక్క పంట తీసుకున్నంక ఇయ్యిండ్రి." ఆమె ఆ మాట అనకపోతే ఏమయ్యేదో నేను చెప్పలేను.

నిర్ణయం మారలేదు. రద్దు రద్దే అన్నారు. ఇచ్చేసిన మాట వెనక్కి తీసుకుంటే కమిటీకి విలువ ఉండదట. కానీ ఫిబ్రవరి 15 దాకా గడువిచ్చారు, రాసి, స్టాంపు వేసి, సంతకం పెట్టి. ఏప్రిల్‌లో కట్టిన 1,200లో మిగిలిన రోజులకు 150 రూపాయలు తిరిగిచ్చారు. కారణం అనే చోట మాత్రం "పరిపాలనా కారణాల వల్ల" అని రాశారు. అది కారణం కాదని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. నేను దాని కిందే "ఈ కారణానికి నా అభ్యంతరం తెలియజేస్తూ తీసుకున్నాను" అని రాసి సంతకం చేశాను. లాయరు చెల్లె ముందే చెప్పింది, ఒప్పుకోనిది ఒప్పుకున్నట్టు సంతకం పెట్టొద్దని.

బతుకమ్మకు బంతిపూలు కాలనీలో ఎనిమిది ఇళ్లకు ఇచ్చాను. కమిటీలో ఒకాయన భార్య కూడా వచ్చి పళ్లెం పట్టింది, తల ఎత్తలేదు, నేనే రెండు దోసిళ్లు ఎక్కువ వేశాను. ఆవిడ చేసిందేముంది. సంక్రాంతికి చిక్కుడు విరగ్గాసింది. ఫిబ్రవరి మొదటి వారంలో పసుపు తవ్వాం, ఆ అమ్మాయి, అంకుల్, మా ఆయన, నేను. మట్టి అంటిన పచ్చి కొమ్ములు పదకొండు కిలోలు. రెండు కిలోలు విత్తనానికి ఆమెకే వదిలాను, అమ్మ ఇచ్చిన లెక్కే. కడీలు, డ్రమ్ము, డ్రిప్ పైపులు ఇంటికి తెచ్చుకున్నాను. కల్యమాకు చెట్టు వేళ్లతో లేపి కుండీలో పెట్టి చూశాను, బతకలేదు. దాని చుట్టూ మొలిచిన పిలకలు మూడు ముందే తీసి పెట్టుకున్నాను, అవి నిలబడ్డాయి. మట్టి తెచ్చుకోమని చాలామంది అన్నారు, ట్రాక్టర్ మట్టి మీరు కొన్నదే కదా అని. దాన్ని ఎత్తుకొస్తే కింద మళ్లీ టైల్స్ ముక్కలే కదా, ఆ పిల్ల ఏం పండిస్తుంది? వదిలేశాను. ఒక చిన్న డబ్బా నిండా మాత్రం తెచ్చుకున్నాను, వానపాములు ఉన్న చోటు నుంచి.

ఇది మీకు జరిగితే నేను చెప్పగలిగింది కొంచెమే. గ్రూపులో రాయొద్దు, ఉత్తరం రాయండి. జాగా మీది కాదన్నది ముందే ఒప్పేసుకోండి, అప్పుడు మిగతా మాటలు వింటారు. మీ చేతికి మొదట వచ్చిన నియమాల కాగితం ఎక్కడుందో ఈ రోజే వెతకండి. నేల మీద ఏముందో, ఎప్పటికి వస్తుందో లెక్క రాయండి, అది పండించినవాళ్లకే తెలుస్తుంది, కాదనడం ఎవరికైనా కష్టం. మీ తర్వాత ఆ బిట్టు ఎవరికిచ్చారో వాళ్లతో మాట్లాడండి, వాళ్లు శత్రువులని ముందే అనుకోకండి.

నాకు ఆ బిట్టు మళ్లీ రాదు. ఆ మాట ఇప్పుడు మామూలుగానే అనగలుగుతున్నాను, నాలుగు నెలల కింద అనలేకపోయేదాన్ని. డాబా మీద పన్నెండు గ్రోబ్యాగులు పెట్టాను, సరిపోవు. పొద్దున నడకకి వెళ్లేటప్పుడు ఆ వీధిలోంచి వెళ్లడం మానేసి వేరే దారిలో వెళ్తున్నాను. ఆ అమ్మాయి ఫోన్ చేసి రమ్మంటుంది, ఒకసారి వెళ్లాను, గట్టు మీద కూర్చుని వచ్చాను.

జూన్ చివర్లో జనరల్ బాడీ ఉంది. అంకుల్, నేను, ఆరో నంబరు అమ్మాయి, ముగ్గురం కలిసి కొత్త నియమం ఒకటి రాశాం: రాతలో కారణం, 15 రోజుల గడువు, బిట్లవాళ్లలో ఇద్దరి ముందు వివరణ, పంట నేల మీద ఉంటే అది చేతికొచ్చేదాకా ఎవరినీ కదపకూడదు. మోటార్ లెక్క మూడు నెలలకోసారి నోటీసు బోర్డు మీద పెట్టాలి. నాకిప్పుడు బిట్టు లేదు కాబట్టి ఇది నేను అడిగితే బాగుంటుందని వాళ్లిద్దరూ అన్నారు. ఇరవై కాపీలు తీయించి పెట్టాను.